పిల్లల పేజీలో ఒక ఓడ వేయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పిల్లల పేజీ ఉంటుంది కదా, అందులో చుక్కలు కలపండి, ఆరు తేడాలు కనిపెట్టండి, కుందేలుకి దారి చూపించండి అని వేస్తుంటారు. మా అబ్బాయి మూడో తరగతిలో ఉన్నప్పుడు ఆ కుందేలు దారి తప్పింది. వాడిప్పుడు కెనడాలో ఉద్యోగం చేస్తున్నాడు, కుందేలు ఇంకా క్యారెట్ దగ్గరికి చేరలేదు. వెటకారం అనుకోకండి, ఒకటి అడగాలని రాస్తున్నాను. ఆ పేజీలో రెండు నెలలకోసారైనా కత్తిరించి, మడిచి, అతికించుకునే కాగితం ఓడ ఒకటి వేయండి. స్కేలు ప్రకారం, సరైన కొలతలతో, మన ఓడ. ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక పట్టండి.

నాకు 58 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. ముప్పై ఏళ్లు ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుట్టాను. మా ఆయన షిప్‌యార్డులో ప్లేటరుగా, అంటే ఓడకి ఇనుప రేకులు కోసి అమర్చే పని చేసి రిటైరయ్యారు. ఐదేళ్ల కిందట మా అబ్బాయి వెళ్లిపోయాక అటక సర్దుతుంటే ఒక అట్టపెట్టె దొరికింది, టైటానిక్ ప్లాస్టిక్ కిట్టు, 1/700 స్కేలు. వాడు ఇంజినీరింగ్‌లో ఉండగా కొనుక్కుని రెండు ముక్కలు అతికించి వదిలేశాడు. పారేద్దామా అని ఫోన్ చేస్తే "నువ్వే చెయ్యి అమ్మా, దారం ఎక్కించేదానికంటే కష్టమేం కాదు" అన్నాడు, నవ్వుతూనే అన్నాడులెండి. అలా మొదలైంది. ఈ ఐదేళ్లలో నాలుగు ఓడలు పూర్తయ్యాయి, మూడు పాడయ్యాయి, ఒకటి సగంలో ఉంది. నేను ఎక్స్‌పర్టుని కాదు. అలాగని కొత్తదాన్నీ కాదు, ఎక్కడ తప్పు చేశానో చేసిన పది నిమిషాలకి తెలిసే దశలో ఉన్నాను.

1/700 అంటే ఏంటో మొదట నాకు అర్థం కాలేదు. 269 మీటర్ల టైటానిక్ 38 సెంటీమీటర్లకి కుదించుకుపోతుంది, అంటే మా కుట్టు మిషను బల్ల మీద ఇంకా చోటు మిగులుతుంది. అదే లెక్కన ఐదడుగుల నేను రెండు మిల్లీమీటర్ల పైచిలుకు ఉంటాను, నువ్వు గింజంత కూడా ఉండను. డెక్కు అంచున మనిషి నడుము ఎత్తుకి ఉండే రెయిలింగు ఒకటిన్నర మిల్లీమీటరు కూడా రాదు. అది పల్చటి ఇత్తడి రేకులో వస్తుంది, విడిగా కొనుక్కోవాలి. ఫ్యాను వేసి ఉండగా ఆ ప్యాకెట్ విప్పాను. ఇక చెప్పేదేముంది, మర్నాడు చీపురుకి సగం దొరికింది, మిగతా సగం ఎక్కడికి పోయిందో ఆ దేవుడికే తెలియాలి.

ఆ ఓడ మీద నేర్చుకున్నవన్నీ పాడుచేసి నేర్చుకున్నవే. కిట్టులో ముక్కలన్నీ ఒక ప్లాస్టిక్ ఫ్రేముకి అంటుకుని వస్తాయి, ముక్కని దాని నుంచి చేత్తో విరిస్తే దానితో పాటు కొంత ప్లాస్టిక్ ఊడొస్తుంది, కట్టరుతో కాస్త దూరంగా కోసి మిగిలినది సాండ్‌పేపరుతో రుద్దుకోవాలి. ప్లాస్టిక్‌కి వాడే పల్చటి జిగురు అసలు జిగురే కాదు, అది రెండు అంచుల్నీ కరిగించి ఒకటి చేస్తుంది, అందుకని ఎక్కువ పోస్తే ఓడే కరుగుతుంది. మూడో పొగగొట్టం మీద నా బొటనవేలి ముద్ర ఇప్పటికీ స్పష్టంగా ఉంది, మా ఇంట్లో దొంగతనం జరిగితే పోలీసులు ముందు నన్నే పట్టుకుంటారు. నలుపు రంగు డబ్బాలోంచి తీసి ఉన్నదున్నట్టు వేస్తే ఓడ బొమ్మలా కనిపిస్తుంది. అసలు ఓడని దూరం నుంచి చూసినప్పుడు మధ్యలో ఉన్న గాలి వల్ల నలుపు కూడా కాస్త బూడిద తిరుగుతుంది కదా, మోడల్‌కీ ఆ బూడిద మనమే కలిపి వేయాలి. పైగా మనది సముద్రపు గాలి. వర్షం పట్టిన రోజున స్ప్రే కొడితే రంగు మీద తెల్లటి మసక కమ్ముతుంది. ఆ మసక పోగొట్టాలని రుద్ది రుద్ది రంగే పోగొట్టాను.

కానీ నన్ను పట్టుకున్నది అవేవీ కావు. లైఫ్‌బోట్లు. కిట్టులో 20 ఉన్నాయి, అసలు ఓడలోనూ అన్నే. ఒక్కొక్కటీ బియ్యపు గింజకి రెండింతల పొడవు, లోపల ఒక రంగు, బయట తెలుపు. పదహారోది వేస్తుండగా లెక్క వేశాను. ఓడలో ఉన్నది దాదాపు 2,200 మంది, ఈ 20 పడవల్లోనూ కలిపి పట్టేది 1,178 మంది. ఆ సంగతి అంతకుముందు ఎన్నిసార్లు విన్నానో, సినిమా కూడా చూశాను. చేత్తో పట్టుకుని ఒక్కో పడవకీ రంగు వేస్తూ, ఇంక నాలుగే మిగిలాయి అనుకున్నప్పుడు మాత్రం బ్రష్షు కింద పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. చదివితే తెలియడం వేరు, చేస్తే తెలియడం వేరు. పిల్లల పేజీకి ఓడ కావాలని అడగడానికి అసలు కారణం అక్కడే పుట్టింది.

రెండో పెద్ద పని బ్లూనోస్. అది కెనడాలోని నోవాస్కోషియాలో 1921లో నీళ్లలోకి దింపిన చేపల ఓడ, రెండు తెరచాప కొయ్యలు, పందేల్లో కూడా గెలిచి పేరు తెచ్చుకుంది, 1946లో హైతీ దగ్గర మునిగిపోయింది. వాళ్ల పది సెంట్ల నాణెం మీద ఉండేది ఆ ఓడ బొమ్మే. మా అబ్బాయి సెలవులకి వస్తూ చెక్క కిట్టు, దానితో పాటు ఒక పది సెంట్ల నాణెం తెచ్చాడు. "చూసి చెయ్యి" అని. నాణెం ఏమో పావలా బిళ్లంత, దాన్ని చూసి ఏం చేస్తాం, కానీ ఇప్పటికీ నా పనిముట్ల డబ్బాలోనే ఉంది.

చెక్క ఓడ వేరే లోకం. ముందు వెన్నెముకలాంటి పొడుగు చెక్క, దానికి అడ్డంగా పక్కటెముకలు, ఆ ఎముకల మీద చర్మంలా సన్నటి చెక్క పట్టీలు ఒక్కొక్కటే నీళ్లలో నానబెట్టి, వంచి, అతికించుకుంటూ పోవాలి. పట్టీలన్నీ ఒకే వెడల్పుతో వస్తాయి. ఓడ మాత్రం మధ్యలో లావు, ముక్కు దగ్గర సన్నం. అలాగే అతికిస్తే ముక్కు దగ్గరకి వచ్చేసరికి పట్టీలు ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతాయి. ఇక్కడ మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆరు ముక్కల లంగా కుట్టేటప్పుడు నడుము దగ్గర సన్నగా, కింద వెడల్పుగా ముక్క కోస్తాం కదా, అదే లెక్క. ప్రతి పట్టీనీ ముక్కు వైపు సన్నగా చెక్కుకున్నాను. కుట్టుపని ఊరికే పోలేదు అని చాలా గర్వపడ్డాను కూడా.

ఆ గర్వంలోనే ఎడమ పక్క మొత్తం ఒకే రోజు అతికించేశాను, కుడి పక్క రేపు చూద్దాంలే అని. తెల్లారి లేచి చూస్తే ఓడ అరటిపండులా వంగి ఉంది. తడి పట్టీలు ఆరుతూ ఆరుతూ బిగిసి వెన్నునే లాగేశాయి. మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి ఒక్క క్షణం చూసి, "అదేంటే, ఒక్క పక్కే వేసుకుంటూ పోయావా? మేం వెల్డింగు కూడా రెండు పక్కలా మార్చి మార్చి చేసేవాళ్లం, లేకపోతే ప్లేటు మెలి తిరిగిపోతుంది" అన్నారు. "మరి నిన్న చెప్పొచ్చు కదండీ" అంటే, "నువ్వు అడిగావా?" అన్నారు. ముప్పై మూడేళ్ల కాపురంలో ఆయన ఆఫీసు పని గురించి మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు. ఆ వంగిన ఓడని పారేయలేదు, బీరువా మీద ఉంది.

తాళ్ల దగ్గర మాత్రం నాకు తిరుగులేదు. కొయ్యకి రెండు పక్కలా నిచ్చెనలా తాళ్లు కట్టి ఉంటాయి, నావికులు పైకెక్కడానికి. ఆ నిచ్చెన మెట్టు మెట్టుకీ ముడి, వందల ముడులు. ఎలా వేయాలో కిట్టు పుస్తకంలో బొమ్మ గీసి చూపించారు. చూస్తే ఏముంది, మల్లెపూలు కట్టేటప్పుడు మనం వేసే ముడికి అన్నదమ్ములా ఉంది! దారానికి తేనెమైనం రాస్తే నూగు లేవకుండా తాడులా కనిపిస్తుంది, అదీ దర్జీ పనిలో తెలిసిందే. ఇంతకాలం ఇది మగపిల్లల ఆట అని ఎవరనుకున్నారో గాని, పూలు కట్టడం, ముగ్గు వేయడం, జాకెట్టు కుట్టడం వచ్చిన చేతులు ఈ పనికి సగం తయారై ఉన్నట్టే.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. షిప్‌యార్డులో అన్నేళ్లు పనిచేసిన మనిషి, ఇంట్లో ఆయన కట్టిన ఓడ ఒక్కటీ లేదు. ఉండదు కదా, కట్టడం అయ్యాక నీళ్లలోకి వెళ్లిపోతుంది, మళ్లీ కనబడదు. ఓడ దింపిన రోజున తీసిన ఫొటోలు ఒక ఆల్బమ్‌లో ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి కిటికీ రెక్క ఎగిరిపోయి వాన గదిలోకి కొట్టింది, ఆల్బమ్ ముద్దయిపోయింది. ఫొటోలు ఒకదానికొకటి అంటుకుపోతే విడదీయబోయి ఇంకా పాడుచేశాం. అప్పుడు ఆయన ఏమీ అనలేదు. నేను ఓడలు మొదలుపెట్టాక మాత్రం రోజూ సాయంత్రం కుర్చీ లాక్కుని నా బల్ల పక్కన కూర్చుంటారు. తప్పులు పట్టడానికే, అది వేరే సంగతి.

ఒకరోజు ఆయన చెప్పిన మాటతో నాకు కాగితం ఓడ ఆలోచన వచ్చింది. పాతకాలంలో ఓడ ఆకారాన్ని పెద్ద హాలు నేల మీద అసలు సైజులో గీసేవారట, ఆ గీతల నుంచి చెక్క నమూనాలు కోసి, వాటిని రేకు మీద పెట్టి గుర్తు వేసి, కోసి, వంచి, అతికేవారట. అంటే వంకర తిరిగిన ఓడ ఒంటిని చదునైన రేకు మీద విప్పి గీయాలి. నాకు వెంటనే జాకెట్టు గుర్తొచ్చింది. మనిషి ఒళ్లు గుండ్రం, గుడ్డ చదును, అందుకే డార్టులు, అంటే మొన తేలిన కుట్టు మడతలు, వేస్తాం. కాగితమూ అంతే, ఒక వైపుకి వంగుతుంది, ఒకేసారి రెండు వైపులకి వంగమంటే ముడతలు పడుతుంది. ఓడ ముక్కు దగ్గర సన్నటి త్రికోణాలు కత్తిరించి దగ్గరికి లాగితే గుండ్రం వస్తుంది. ఇది చెప్పగానే మా ఆయన పడక కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. చెక్క పట్టీల ఓడ కంటే, అచ్చులో పోసిన ప్లాస్టిక్ ఓడ కంటే, ఇనుప ఓడ కట్టే పద్ధతికి కాగితం ఓడే దగ్గర. చదునుగా గీయడం, కోయడం, వంచడం, అంచులు కలపడం. ఖర్చూ లేదు. నా చెక్క కిట్టు ఖరీదుకి ఒక మంచి పట్టుచీర వచ్చేది, ఆ తర్వాత ఆన్‌లైన్‌లో తెప్పించిన ఇంకో కిట్టు కొయ్య విరిగి వచ్చింది, ఫొటోలు పంపండి అన్నారు, పంపాను, ఇంకా పంపుతూనే ఉన్నాను. ఆ వ్యవహారం వదిలేయండి.

పత్రికల ద్వారా పిల్లలకి కాగితం మోడళ్లు ఇవ్వడం నేను కనిపెట్టింది కాదు. పోలండ్‌లో 'మావీ మోడెలాష్' అని ఒక పత్రిక 1957లో మొదలైంది, చిన్నారి మోడల్ తయారీదారు అని ఆ పేరుకి అర్థం. పేజీలు కత్తిరించుకుంటే ఓడో విమానమో తయారవుతుంది. ప్లాస్టిక్ కిట్లు సరిగ్గా దొరకని రోజులు అక్కడ. పిల్లలు ఆ కాగితాల మీదే చెయ్యి తిప్పుకున్నారు, కాగితం మోడళ్లంటే ఇవాళ్టికీ ఆ దేశం పేరు చెప్పుకుంటారు. జపాన్ సంగతి ఇంకోరకం. 1971లో షిజువోకా నగరానికి చెందిన నాలుగు కంపెనీలు ఒక మాట మీదకి వచ్చి తమ దేశపు యుద్ధనౌకల్ని పంచుకున్నాయి, నువ్విది చెయ్యి నేనది చేస్తాను అని, అన్నీ ఒకే 1/700 స్కేలులో. అందుకే ఇవాళ ఏ దేశపు కంపెనీ 1/700లో ఓడ చేసినా వాటి పక్కన పెడితే సరిపోతుంది. వ్యాపారంలో పోటీపడేవాళ్లు కూడా సొంత ఓడల విషయంలో అలా కూర్చుని మాట్లాడుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో మన విశాఖ సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది, ఆ కథ మాత్రం మన పిల్లలకి తెలుసు, సినిమా వచ్చింది కాబట్టి.

మా అపార్టుమెంట్ పిల్లల్ని అడిగాను. టైటానిక్‌కి పొగగొట్టాలెన్ని అంటే నాలుగు అని ఠక్కున చెప్పారు, నాలుగోది ఎక్కువగా గాలి కోసమే అని కూడా ఒకడు చెప్పాడు, వాడికి దండం పెట్టాలి. జల ఉష అంటే ఏంట్రా అని అడిగితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సీరియలా మామ్మగారూ?" అంది ఒక పిల్ల. ఈ పిల్లలు పొద్దున్నే బస్సులో వెళ్లేది షిప్‌యార్డు వైపు రోడ్డు మీదే. 1941 జూన్ 21న రాజేంద్ర ప్రసాద్ గారు పునాదిరాయి వేసిన యార్డు అది, అప్పుడు సింధియా కంపెనీది, అందుకే ఆ పేటని ఇప్పటికీ సింధియా అంటాం. స్వాతంత్ర్యం వచ్చాక ఏడు నెలలకి, 1948 మార్చి 14న, నెహ్రూ గారు వచ్చి అక్కడే కట్టిన జల ఉషని నీళ్లలోకి దింపారు, 8,000 టన్నుల ఆవిరి ఓడ. పేరు చూడండి ఎంత బాగుందో, నీళ్ల మీద తెల్లవారడం. పిల్లల్ని అనడానికేముంది, అదే ఊళ్లో ఉంటూ నేను మొదట కట్టింది ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన ఓడ, రెండోది కెనడాది.

కెనడా నాణెం పక్కన పెట్టి మన నాణెం గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన శాతవాహన నాణేల మీద ఓడ ఉంది, దానికీ రెండు కొయ్యలే. అంటే దాదాపు 1,800 ఏళ్ల కిందటే మన రాజు తన డబ్బు మీద ఓడ బొమ్మ వేయించుకున్నాడు. బ్లూనోస్‌కి కిట్టు దొరుకుతుంది, ప్లాను దొరుకుతుంది, దారం ఎంత మందం ఉండాలో చెప్పే పుస్తకం దొరుకుతుంది. మన నాణెం మీది ఓడ నాణెం మీదే ఉండిపోయింది.

ఇవన్నీ రాసి చివరికి మాటలతో సరిపెట్టానని అనుకుంటారేమో, ముందే ప్రయోగం చేసి చూశాను. మొన్న వేసవి సెలవుల్లో ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామిని కాగితం మీదకి ఎక్కించాను. 91.3 మీటర్ల పొడవు, 1/200 స్కేలుకి 45 సెంటీమీటర్ల పైన అర. నాలుగుసార్లు వెళ్లి దాని చుట్టూ తిరిగాను, పక్కన మా ఆయన్ని నిలబెట్టి ఫొటోలు తీశాను, ఆయన ఎత్తు తెలుసు కాబట్టి మిగతా కొలతలు లెక్కకట్టుకోవచ్చు. అక్కడికి వచ్చినవాళ్లు మేం కొత్త దంపతులం అనుకున్నారో ఏమో, ఒకాయన "ఇద్దరూ కలిసి నిలబడండి, నేను తీస్తాను" అన్నాడు. జలాంతర్గామి అంటే గుండ్రటి గొట్టం అనుకుంటాం గాని, కుర్సురాకి పైన నడవడానికి చదునైన డెక్కు ఉంటుంది, ముక్కు మామూలు ఓడ ముక్కులా ఉంటుంది, వెనక మూడు ప్రొపెల్లర్లు. మొదటి నమూనా మా చుట్టాల పెళ్లి శుభలేఖల అట్టతో చేశాను. బయట బూడిద రంగు జలాంతర్గామి, తలుపు తీసి చూస్తే లోపల వినాయకుడు, కింద సుముహూర్తం.

ఆరుగురు పిల్లలకి జెరాక్స్ తీసి ఇచ్చాను. ఇద్దరు మడత గీతల్ని కూడా కత్తిరించేశారు, అది నా తప్పే, కోసే గీత, మడిచే గీత ఒకేలా గీశాను. ఒకడు రెండో రోజు మానేశాడు. ఒకడిది కొంచెం వంకరగా వచ్చినా పూర్తయింది, నా మొదటి ఓడ కంటే నయం. ఏడో తరగతి పాప ఒకతి, సీరియలా అని అడిగిన పిల్లే, వెనక భాగం అతికిస్తూ "మూడు ఫ్యాన్లు ఎందుకు మామ్మగారూ, ఒకటి చాలదా?" అంది. నేను తడుముకుంటుంటే మా ఆయన అందుకున్నారు, ఇక గంటసేపు పాఠం. ఆ ఆదివారం వాళ్ల నాన్నని బీచ్‌కి లాక్కెళ్లి వెనక వైపు నిలబడి మూడూ లెక్కపెట్టుకుని వచ్చిందట. అంతకుముందు ఆ పిల్ల అక్కడికి స్కూలు టూరులో రెండుసార్లు వెళ్లింది, ఐస్‌క్రీం గుర్తుంది, ప్రొపెల్లర్లు గుర్తులేవు.

కాబట్టి మీరు వేస్తానంటే మొదటి కాగితం నేనే గీసి పంపిస్తాను, డబ్బులేమీ అక్కర్లేదు. మొదటిది కుర్సురా వద్దు, మసూలా పడవ వేయండి, మన తీరంలో ఒడ్డు అలలు దాటడానికి వాడిన పాతకాలం పడవ అది. దానికి మేకులే ఉండవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టి, సందుల్లో ఎండుగడ్డి కూరేవారు, లోపల పక్కటెముకలూ ఉండవు. ఒడ్డున అల ఎత్తి కొట్టినప్పుడు బిగుసుకున్న పడవైతే పగులుతుంది, కుట్టిన పడవ కాస్త లొంగుతుంది. పిల్లలకి జిగురు కూడా అక్కర్లేదు, సూదితో చుక్కల దగ్గర కన్నాలు పొడిచి దారంతో కుట్టుకుంటారు, చుక్కలు కలపండి అనే శీర్షిక కూడా మీరు మార్చనక్కర్లేదు. రెండోది శాతవాహన నాణెం మీది ఓడ. దాని పక్కన నాలుగు వాక్యాల్లో మోటుపల్లి రేవు సంగతి రాయండి, గాలికి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవారని, కాకతీయ గణపతిదేవుడు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోబోమని 1244-45 ప్రాంతంలో అక్కడ శాసనం వేయించాడని. ఆ తర్వాత కాకినాడ దగ్గర తాళ్లరేవు, కోరంగి వైపు కట్టిన చెక్క ఓడ. కోరంగి రేవు ఎంత పెద్దదంటే, బర్మా వెళ్లిన తెలుగువాళ్లందరినీ అక్కడ కోరంగీలనే పిలిచేవారు. 1839 తుఫాను ఆ రేవుని ముంచేసింది. ఆపైన జల ఉష, ఆపైన కుర్సురా. జల ఉష ప్లాను పెద్ద పత్రిక అడిగితే ఇచ్చినంత తేలిగ్గా నాలాంటిది అడిగితే ఎవరిస్తారు, ఆ పని మీరు చేయాలి. విప్పి గీయడం మా ఆయన, నేను చూసుకుంటాం.

అచ్చు వేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. మీ పేజీ నిలువు 52 సెంటీమీటర్లు, నేను స్కేలు పెట్టి కొలిచాను, 1/200 కుర్సురా నిలువుగా సరిపోతుంది, దయచేసి ప్రకటన కోసం కుదించకండి, కుదిస్తే స్కేలు పోతుంది. పక్కన సెంటీమీటర్ల కొలత గీత ఒకటి వేయండి, సరిగ్గా అచ్చయిందో లేదో పిల్లలు స్కేలు పెట్టి చూసుకుంటారు. కోసే గీత నిండుగా, మడిచే గీత చుక్కలుగా ఉండాలి. వార్తాపత్రిక కాగితం ఓడకి చాలా పల్చన, ముందు అట్ట మీద అతికించమని రాయండి. మైదా జిగురు మాత్రం వద్దు. నేను మైలుతుత్తం కూడా వేసి ఉడికించి రాశాను, పురుగు పట్టలేదు గాని కాగితం తడికి సాగి, ఎడమ సగానికీ కుడి సగానికీ మూడు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. గ్లూ స్టిక్ అయితే సాగదు. రంగులు వేసి ఇవ్వకండి, గీతలు ఇస్తే చాలు, రంగు వాళ్లు వేసుకుంటారు, గులాబీ రంగు జలాంతర్గామి వస్తే రానివ్వండి. అప్పుడప్పుడు పాఠకులు చేసి పంపిన ఓడల ఫొటోలు వేయండి, అందంగా వచ్చినవే ఏరి వేయకండి, వంకర పోయినవి కూడా వేసి ఎందుకు వంకర పోయిందో రాయండి. నా అరటిపండు ఓడ ఫొటో మొదటి వారానికి ఇస్తాను.

ఇంకొక్క మాట, ముఖ్యమైనది. ఓడ వేసిన పేజీ వెనక వైపు ఏ ప్రకటనో వేసుకోండి గాని, క్రికెట్టూ రాశిఫలాలూ వేయకండి. మా ఆయన పేపరు తెరిచేసరికి అక్కడ కన్నం ఉంటే ఆ ఆదివారం ఇంట్లో టెన్షన్ నేను పడలేను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
గాజువాక, విశాఖపట్నం